మూసి ఉండాల్సిన కిటికీ

"ఈ ఫొటో ఇవాళ్టిది కాదు," అంది ముకైదా రిత్సు, సెల్‌ఫోన్ కళ్ళకి ఎదురుగా ఎత్తి పట్టుకుని.

ఫొటోలో ఒక బస్టాపు, దాని పక్కన ఎర్రటి కూల్‌డ్రింకుల మెషీను. మెషీను ముందుకి చాచిన ఒక ఆడపిల్ల చెయ్యి, ఆ చేతిలో అరచేయంత పల్చటి ప్లాస్టిక్ బొమ్మ. బొమ్మ భుజాన ఉత్తరాల సంచీ, గాలికి ఎగురుతున్న రెండు జడలు. 'ఉప్పుగాలి పోస్టాఫీసు' అనే యానిమే బొమ్మల సీరియల్లో ఊరూరా ఉత్తరాలు పంచే సుజునె బొమ్మ అది. కింద రాసిన మాటలు: "ఇవాళ పొద్దున్నే సుజునెతో ఇక్కడ. ఇంకో రెండు రోజులు ఈ ఊళ్ళోనే ఉంటాను."

రిత్సు ఫోన్ కిందికి దించింది. ఎదురుగా ఉన్నది అదే బస్టాపు. మెషీను మాత్రం నీలం రంగుది. కొత్త సరుకు, మీద చుట్టిన కవరు కూడా ఇంకా పూర్తిగా ఊడదియ్యలేదు.

పక్కన నిలబడ్డ హతోరి సయోకో ఒకసారి ఫొటో వంక, ఒకసారి మెషీను వంక చూసింది. నీగాతాలో చిన్న బ్యూటీపార్లర్ నడుపుకుంటుందామె. చెల్లెలు చినత్సు కోసం పార్లర్‌కి తాళం వేసి, డిటెక్టివ్‌ని వెంటబెట్టుకుని సముద్రం ఒడ్డునున్న ఈ మినాసెకి వచ్చింది. నర్సరీ స్కూల్లో టీచరైన చినత్సు శుక్రవారం ఒంటరిగా ఇక్కడికి బయల్దేరింది. తన ప్రాణంలాంటి కథ జరిగిన చోట్లన్నీ తిరిగి, ప్రతి చోటా సుజునె బొమ్మతో ఫొటో తీసుకుని, సోమవారానికల్లా స్కూలుకి చేరుకోవాలి. చేరుకోలేదు. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఫొటోలు మాత్రం రోజూ వస్తూనే ఉన్నాయి. ఇవాళ బుధవారం.

బస్టాపు వెనక చిల్లర కొట్టు అరుగు మీద కూర్చుని చేపలు ఎండబెడుతున్న అవ్వని అడిగింది రిత్సు.

"ఈ మెషీను ఎప్పుడు మార్చారమ్మా?"

"మొన్న సోమవారం. పాతది డబ్బులు మింగేదే గానీ డబ్బా కక్కేది కాదు. అయినా సరే, ఊళ్ళోకొచ్చే పిల్లలంతా ఆ ఎర్రదాన్ని చూడ్డానికే వస్తార్రా, ఉంచండ్రా అని మొత్తుకున్నాను. నా మాట వింటేగా!"

సయోకో చెల్లెలి ఫొటో చూపించింది. అవ్వ మొహం విప్పారింది.

"గుండ్రటి కళ్ళద్దాల పిల్ల! ఆదివారం పొద్దున వాన మొదలయ్యాక తడుస్తూ పరిగెత్తుకొచ్చింది. ఈ వారంలో పడ్డ వాన అదొక్కటే. నా దగ్గర జాలర్లు వేసుకునే రెయిన్‌కోటు ఒక్కటే మిగిలి ఉంది, పసుపుది. తొడిగితే మోకాళ్ళ కిందికి జారింది. అయినా ఎంత మురిసిపోయిందో! మెట్ట మీద మూసేసిన షియోమి సత్రం ఉందే, అటు దారి అడిగి వెళ్ళింది."

"తిరిగి రావడం చూశారా?"

అవ్వ చేప తిరగేస్తూ ఆలోచించింది. "లేదమ్మా. చూడలేదు."

"పాత ఫొటోలే ఇప్పుడు పెడుతోందేమోనండీ," అంది సయోకో. " ఏదైనా కోపమొచ్చి ఎవరితో మాట్లాడ్డం లేదేమో."

"వరస చూడు సయోకో. శుక్రవారం మొదటి భాగంలోని రైల్వే స్టేషను. తర్వాత రెండో భాగం, మూడో భాగం. ఆదివారం పొద్దునకి పదకొండో భాగం, షియోమి సత్రం. అక్కడిదాకా ఒక్కటి కూడా తప్పలేదు. సోమవారం నించి ఏడు, రెండు, ఇవాళ నాలుగు."

సయోకో తల అడ్డంగా ఊపడం మొదలుపెట్టింది. "అది చెయ్యదు. చచ్చినా చెయ్యదు. చిన్నప్పుడు టీవీలో ఒక భాగం తప్పిపోతే, అది దొరికేదాకా తర్వాతది నన్ను కూడా చూడనిచ్చేది కాదు. ఇంకోటండీ... అది సుజునె అని పేరు పెట్టి ఎప్పుడూ రాయదు. 'మా సుజుతల్లి' అనే రాస్తుంది."

"కాబట్టి ఫోను మీ చెల్లెలిది, రాస్తున్న వేళ్ళు వేరేవాళ్ళవి."

అన్నాక రిత్సుకి ఆ మాటలు ఇంకాస్త మెత్తగా చెప్పాల్సింది అనిపించింది. కానీ సయోకో ఏడవలేదు. తన ఫోను తీసి ఇంకో ఫొటో చూపించింది. ఆదివారం పొద్దున వచ్చిన సత్రం ఫొటో. దాన్ని చినత్సు పేజీ నించి ఆ మధ్యాహ్నమే ఎవరో తీసేశారు. చెల్లెలు పెట్టిన ప్రతి ఫొటోనీ దాచుకునే అలవాటున్న అక్క దగ్గర మాత్రం అది మిగిలిపోయింది.

"అన్నీ ఉంచి ఇదొక్కటే ఎందుకు తీసేశారు?" అంది రిత్సు, తనలో తను.

"ఎందుకంటే ఫొటో బాగా రాలేదు కాబట్టి," అని వెనక నించి సమాధానం వచ్చింది.

ఇన్‌స్పెక్టర్ కురెబయాషి. చేతికి బందోబస్తు డ్యూటీ తెల్ల పట్టీ, నుదుట చెమట. ఒకప్పుడు రిత్సు పోలీసు ఉద్యోగంలో ఉండగా ఆమె కిందే పని నేర్చుకున్నాడు. ఆమె ఉద్యోగం వదిలేసి డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాక, ఎక్కడ కనబడినా ఆ సంగతి ఎత్తిపొడవకుండా ఉండలేడు.

"టోక్యోలో గిరాకీ తగ్గిందా ముకైదా గారూ? తీర్థయాత్రకొచ్చిన పిల్లల్ని వెతికే పనిలో పడ్డారు?"

"నువ్వు వెతకట్లేదుగా. ఎవరో ఒకరు వెతకాలి."

"ఎవర్ని వెతకాలి? ఇరవై ఆరేళ్ళ మనిషి. రోజూ నేను బాగున్నానని లోకానికంతా చెప్తోంది. ఉద్యోగం మీద విసుగు పుట్టి నాలుగు రోజులు ఎక్కువ ఉంటే అది నేరమా?" అతను గొంతు తగ్గించాడు. "ఇవాళ ఉరుషిహర గారి రెండో వర్ధంతి. ఆయన గీసిన 'ఉప్పుగాలి పోస్టాఫీసు' బొమ్మల కథ వల్లే ఈ ఊరు బతుకుతోంది. నాలుగు వేలమంది అభిమానులు వచ్చారు. కాసేపట్లో పువ్వుల పడవలు సముద్రంలోకి వెళ్తాయి. ఈ రోజున అమ్మాయి మాయమైందని కేకలు పెట్టి నా నెత్తిన రాయి వెయ్యకండి."

"నా ఫోన్ వస్తే ఎత్తు చాలు," అని రిత్సు నడక సాగించింది.

* * *

ఊళ్ళో అభిమానులందరూ ఏదో ఒక పూట తప్పకుండా ఆగే చోటు 'పోస్టుడబ్బా' కాఫీ హోటలు. దాని యజమాని అమగాయ్. యాభై దాటినవాడు, మాట మెత్తన. ఉరుషిహర బతికుండగా ఆయన దగ్గర పదిహేనేళ్ళు సహాయకుడిగా బొమ్మలకి నల్లరంగు నింపాడు. గురువుగారు సముద్రంలో పడి పోయాక, ఆయన పెట్టెల్లో దొరికాయంటూ అచ్చు కాని పేజీలు అప్పుడొకటి ఇప్పుడొకటి బయటపెడుతున్నాడు. కొత్తగా దొరికిన పేజీ గోడ మీద అద్దాల చట్రంలో ఉంది. ఒడ్డు గట్టు మీద కూర్చుని కాళ్ళూపుతున్న సుజునె, గట్టు వెనక సముద్రం. దాని ముందు ఇద్దరు కాలేజీ పిల్లలు కళ్ళు తుడుచుకుంటున్నారు.

రిత్సు బల్ల మీద చినత్సు ఫొటో పెట్టింది.

అమగాయ్ వెంటనే గుర్తుపట్టాడు. "శనివారం సాయంత్రం వచ్చింది. కర్రీ అన్నం తింది. ఆ పేజీ ముందు చాలాసేపు నిలబడింది. మళ్ళీ కనబడలేదు."

"ఒక్కసారేనా?"

"ఒక్కసారే."

"రోజూ ఇంతమంది వస్తారు కదా, ఒక్కసారి వచ్చిన పిల్లని బాగా గుర్తుపెట్టుకున్నారే!"

"మర్చిపోతామా అమ్మా ఆ వేషాన్ని!" అమగాయ్ నవ్వాడు. "గుండ్రటి కళ్ళద్దాలు, మోకాళ్ళ కిందికి జారే పసుపు రెయిన్‌కోటు. వాళ్ళ నాన్నది తొడుక్కొచ్చిందేమో అనుకున్నాను."

సయోకో చేతిలోని చెంచా సాసర్లో పడి మోగింది. రిత్సు బల్ల కింద ఆమె పాదం మీద తన పాదం పెట్టి గట్టిగా నొక్కింది. మొహంలో మాత్రం ఏ మార్పూ లేదు.

"నిజమే, మర్చిపోలేం," అంది. "షియోమి సత్రం తాళాలు ఎవరి దగ్గర ఉంటాయండీ?"

గ్లాసు తుడుస్తున్న గుడ్డ ఒక్కసారి ఆగి, మళ్ళీ కదిలింది.

"మున్సిపల్ ఆఫీసులో. అటు వెళ్ళకండి. నేల అంతా పుచ్చిపోయింది, కాలు దిగబడితే ఎముక మిగలదు." గోడ గడియారం వైపు చూశాడు. "క్షమించాలి. పువ్వులు పడవలోకి ఎక్కించాలి. గురువుగారి కోసం నా పడవే ముందు వెళ్ళాలి."

ఇద్దరూ బయటికి రాగానే సయోకో రిత్సు మోచెయ్యి పట్టుకుంది. "వాడే! రెయిన్‌కోటు కొన్నది ఆదివారం కదా. శనివారం ఎలా చూస్తాడు? అక్కడే గొంతు పట్టుకోవాల్సింది!"

"పట్టుకుంటే రోజు తప్పు చెప్పానంటాడు. నాలుక్కరుచుకుని నోరు మూసుకుంటాడు. మనక్కావలసింది వాడి ఒప్పుకోలు కాదు, మీ చెల్లెలు. నడు."

నడుస్తూనే కురెబయాషికి ఫోన్ చేసింది. సత్రం సంగతి అడగడం తొందరపాటు అయిందా అన్న అనుమానం ఆమెను వెంటాడుతోంది. అడక్కపోతే ఆ గుడ్డ ఆగేది కాదు. అడిగింది కాబట్టి ఇక వాడు ఊరుకోడు.

* * *

సత్రం గేటుకి తుప్పు పట్టిన గొలుసు, కొత్త తాళం. కురెబయాషి మెట్టెక్కి వచ్చేసరికి రొప్పుతున్నాడు. వచ్చీ రాగానే గొలుసుకి అడ్డంగా నిలబడ్డాడు.

"లోపలికి వెళ్ళడానికి వీల్లేదు. ఒకరి ఆస్తి అది. రెయిన్‌కోటు రంగు గుర్తుందని ఒక పెద్దమనిషి మీద పడిపోతారా? రోజు పొరపాటుగా చెప్పి ఉంటాడు."

"ఇది చూడు." రిత్సు రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించింది. ఒకటి యాత్రికులకి పంచే కరపత్రంలోది, యానిమేలోని సత్రం. రెండోది చినత్సు తీసినది. కథలో ఎక్కడ నిలబడి చూపించారో సరిగ్గా అక్కడే నిలబడి తీసింది. చెట్టు కొమ్మ, మెట్లు, పెంకులు అన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు కలిశాయి. ఒక్క చోట తప్ప. మేడ మీది కిటికీ చెక్కలు కథలో బిగించి ఉన్నాయి. ఫొటోలో బెత్తెడు తెరుచుకున్నాయి. ఆ సందులో తెల్లగా ఏదో ఉంది.

"చెయ్యి," అంది రిత్సు.

"మచ్చ. వానచుక్క."

"వానచుక్కకి వేళ్ళుంటాయా?"

"ముకైదా గారూ, మీరు నాకు నేర్పిన మొదటి పాఠం ఏంటో గుర్తుందా? కావాలనుకున్నది కనబడుతుంది, జాగ్రత్త అన్నారు."

"గుర్తుంది. రెండో పాఠం కూడా నేర్పాను. నమ్మకం కుదరకపోతే గోడ చుట్టూ ఒకసారి తిరిగి రమ్మన్నాను. తిరిగావా?"

రిత్సు అతని చొక్కా చెయ్యి పట్టుకుని ప్రహరీ వెంట పక్కకి తీసుకెళ్ళింది. గోడకి బిగించిన కరెంటు మీటరు మీద వేలు పెట్టింది. అద్దం వెనక చక్రం నెమ్మదిగా, ఆగకుండా తిరుగుతోంది.

"ఏళ్ళ తరబడి మూసేసిన సత్రంలో దీపం ఎవరికోసం వెలుగుతోంది కురెబయాషీ?"

అతను వంగి ఆ చక్రాన్ని చూశాడు. తర్వాత చేతి పట్టీ ఊడదీసి జేబులో కుక్కుకున్నాడు. గోడ ఎక్కి లోపలికి దూకాడు. ముందు తలుపుని భుజంతో మూడుసార్లు గుద్దేసరికి గడియ ఊడింది. గేటు తాళాన్ని రాయితో కొట్టి, "రండి," అన్నాడు. వాళ్ళ వంక చూడలేదు.

నేల పుచ్చలేదు. గదుల్లో దుమ్ము అంగుళం మందాన పేరుకుంది. మేడ మెట్ల మీద మాత్రం రెండు అంచుల్లోనే దుమ్ము, నడి మధ్య నున్నగా ఉంది. పైన ఒకటే గది. ఆ తలుపుకి ఇత్తడి గడియ, అదీ బయటి వైపు.

గడియ తీసే ఉంది. రిత్సు తలుపు నెట్టింది.

మడత పెట్టని పరుపు. కంచంలో సగం కొరికిన అన్నం ముద్ద, ఇంకా మెత్తగానే ఉంది. పడిపోయిన చేతికర్ర. గోడకి దీపం, దాని కింద బొమ్మలు గీసే వాలు బల్ల, సిరాబుడ్డి, కలం. తను అనుకుంటూ వచ్చింది ఒక ఆడపిల్లని దాచిన గది గురించి. ఇది చాలాకాలంగా ఒక మగమనిషి బతుకుతున్న గది.

కిటికీ చెక్కల సందులోంచి చూసింది. కింద సముద్రం, ఒడ్డు గట్టు. ఆ వంపు, ఆ కోణం ఇందాకే ఎక్కడో చూసింది. కాఫీ హోటల్ గోడ మీద.

"కురెబయాషీ, ఆ గట్టు ఎప్పుడు కట్టారు?"

"పోయిన ఏడాది తుపాను తర్వాత. అంతకుముందు అక్కడ వట్టి ఇసుకే."

"ఉరుషిహర పోయింది ఎప్పుడు?"

"రెండేళ్ళ కిం..." మాట మధ్యలో తెగింది.

"పోయిన ఏడాది కట్టిన గట్టు మీద సుజునెని ఎవరు కూర్చోబెట్టారు? నల్లరంగు నింపేవాడు గీసిన గీత అయితే ఇంతమంది అభిమానులు పసిగట్టేవాళ్ళు కాదా?"

కురెబయాషి గోడకి ఆనుకున్నాడు. "చెప్పులు దొరికాయి. కోటు దొరికింది. శవం దొరకలేదు. రాళ్ళ మీంచి జారిపడ్డం చూశానని అమగాయ్ చెప్పాడు. ఆ కేసు మూసింది నేనేనండీ."

రిత్సు వినడం లేదు. బల్ల మీది పేజీ మీదికి వంగింది. అంచు తాకితే వేలికి నల్లగా అంటుకుంది. సిరా ఇంకా ఆరలేదు. పేజీలో మామూలుగా ఉండే గళ్ళు లేవు, మాటలు లేవు. గబగబా లాగిన గీతలు. మోకాళ్ళ కిందికి రెయిన్‌కోటు వేసుకున్న అమ్మాయి, గుండ్రటి కళ్ళద్దాలు, నోటికి గుడ్డ. చుట్టూ చేపల బుట్టలు. తల మీద మాంసం వేలాడదీసే కొక్కేలు.

"చేపలు దాచే గది! వంటింటి వెనకే ఉంటుంది!" అని అరిచింది సయోకో. అప్పటికే ఆమె సగం మెట్లు దిగేసింది.

చేపలు దాచే కొట్టుగది తలుపు పొయ్యి వెనక ఉంది. లోపల చీకటి, చల్లటి నీచు వాసన. మూల బుట్టల మధ్య పసుపు కోటు కదిలింది. సయోకో నోటి గుడ్డ విప్పడానికి పెనుగులాడింది. ముడి రాక పళ్ళతో లాగింది.

"చినత్సూ! ఒసే పిచ్చిదానా! అక్కనే, చూడు, అక్కనే!"

చినత్సు ఆమె భుజం మీద తల వాల్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. పెదాలు పగిలాయి. కాసిని నీళ్ళు తాగాక మొదట అన్న మాట తన గురించి కాదు.

"సార్‌ని తీసుకెళ్ళిపోయాడు."

"ఉరుషిహరనేనా?" అడిగింది రిత్సు.

"ఆయనే. బతికే ఉన్నారు. పక్షవాతంతో కాలు పడిపోయింది, ఒక్కరే నడవలేరు. ఆదివారం ఫొటో పెట్టాక చూసుకున్నాను, కిటికీలో చెయ్యి. దొడ్డిదారిన లోపలికొచ్చాను. గడియ తీసి చూస్తే... నాకు ఆయన మొహం తెలియదా అండీ? పోలీసులకి చెప్పమ్మా అని చేతులు పట్టుకున్నారు. ఇంతలో వాడు అన్నం గిన్నె పట్టుకొచ్చాడు." ఊపిరి తీసుకుంది. "నా వేలు పెట్టించి ఫోన్ తెరిపించాడు. వర్ధంతి అయ్యాక నా సంగతి చూస్తానన్నాడు. ఇందాక పరిగెత్తుకుంటూ వచ్చి సార్‌ని వీపున వేసుకుని ఈ వంటింటి మీదుగా దొడ్డిదారిన దింపాడు. ఆయన తన్నుకుంటున్నారు. వాడేమన్నాడో తెలుసా? 'గురువుగారూ, మీరు సముద్రంలో పోయారని రెండేళ్ళుగా అందరికీ చెప్తున్నాను, నన్ను అబద్ధాలకోరుని చెయ్యకండి' అన్నాడు."

"ఏ పడవ? ఎక్కడ దాస్తాడు?"

"పువ్వుల కింద. పువ్వుల కింద పడుకోబెడతానన్నాడు."

రిత్సు వరండాలోకి పరిగెత్తింది. కింద రేవు ముందు తెల్లపూలు నిండిన పడవలు బారుగా కదులుతున్నాయి. అన్నిటికీ ఒకటే జెండా, ఎగిరే రెండు జడల సుజునె. ఆమె వెనకే కురెబయాషి వైర్‌లెస్ నోటి దగ్గర పెట్టుకుని గర్జించాడు.

"పడవలన్నీ ఆపండి! ఒక్కటి కూడా కదలడానికి వీల్లేదు!"

అవతలి కానిస్టేబుల్ తడబడ్డాడు. "ఆపడమేంటి సార్? జెండా ఊపమని మీరేగా చెప్పి వెళ్ళారు? అన్నీ రేవు దాటేశాయి. అమగాయ్ గారిది అందరికంటే ముందుంది."

"కోస్ట్‌గార్డుకి చెప్పు. రేవులో ఇంజన్ ఉన్న బోటు ఏది దొరికితే అది సిద్ధంగా ఉంచు. నేనొస్తున్నా!" కురెబయాషి రిత్సు వైపు తిరిగాడు. ఆ మొహంలో ఎత్తిపొడుపు మిగల్లేదు. "మీరూ రావాలి."

"నువ్వు పిలవకపోయినా వస్తాను," అంది రిత్సు. అప్పటికే మెట్లు దిగుతోంది.

సగం దారిలో ఉండగా రేవు నించి సైరన్ మోగింది. మౌనం పాటించే వేళ. ఒడ్డు పొడుగునా వేలమంది ఒక్కసారిగా తలలు వంచి, కళ్ళు మూసుకుని, పోయిన మనిషి ఆత్మకి శాంతి కోరుకున్నారు. సముద్రం మీద అన్నిటికంటే ముందున్న పడవ ఆగింది. దాని మీది పూలగుట్ట ఒక పక్కకి కదిలి, లోపలినించి ఒక చెయ్యి బయటికొచ్చింది.

ఒడ్డున కళ్ళు తెరిచి ఉన్నవాళ్ళు ఒక్కరూ లేరు.